త్రీడీ బొమ్మ కింద నాలుగు వివరాలు వేయండి

సంపాదకులకు,

ఇళ్ల ప్లాన్ల పేజీలో మీరు వేసే త్రీడీ బొమ్మలు చూడముచ్చటగా ఉంటున్నాయి. గోడ రంగు, గేటు డిజైను, పోర్టికోలో కారు, కారు పక్కన పూలకుండీ, అన్నీ కనిపిస్తాయి. కనిపించనివి నాలుగు: ఉత్తరం ఎటు, గోడ మందం ఎంత, రోడ్డు మీద నుంచి బేస్‌మెంట్ (ఇంటి నేల కింది దిమ్మె) ఎత్తు ఎంత, గది కొలత గోడల లోపలిదా మధ్యదా. ఇవి లేని బొమ్మను ఫోన్లో పట్టుకొచ్చి "అచ్చం ఇలాగే కట్టాలి" అంటే తాపీ మేస్త్రి తలూపి తనకు అలవాటైనట్టే కడతాడు. తప్పు అతనిది కాదు. బొమ్మ కింద ఆ నాలుగూ అచ్చువేయమని మనవి. ఈమధ్య చాలా ఇళ్లలో పిల్లలే లాప్‌టాప్ మీద ఇల్లు గీసేస్తున్నారు కనుక, గీసేటప్పుడు కొలత ఎక్కడ దారి తప్పుతుందో కూడా రాస్తున్నాం.

సాఫ్ట్‌వేర్ ఏది అన్నదానికి పెద్ద చర్చ అక్కర్లేదు. స్వీట్ హోమ్ త్రీడీ 2006 నుంచి ఉచితంగా దొరుకుతోంది. కంప్యూటర్లో ఎక్కించుకుంటే నెట్ లేకపోయినా నడుస్తుంది. పైన ప్లాన్ గీస్తుంటే కింద ఇల్లు తనంతట తానే లేస్తుంది. పెంకుటింటి వాలు, మండువా చూరు లాంటివి మాత్రం అందులో అవస్థ. వాటికి స్కెచప్ సుఖం, దానికీ బ్రౌజర్లో నడిచే ఉచిత రకం ఉంది. గదుల అమరిక తేలేదాకా మొదటిది, కప్పు దగ్గరకొచ్చాక రెండోది. స్కెచప్‌లో ప్రతి గోడనూ గీసిన వెంటనే గ్రూప్ చేయాలి. చేయకపోతే అది పక్క గోడకు అతుక్కుపోయి, ఒకదాన్ని జరిపితే రెండోది సాగుతుంది.

ముందు స్థలం. దస్తావేజులో ఐదు సెంట్లంటే 242 గజాలు, 2,178 చదరపు అడుగులు. విస్తీర్ణం సరే, ఆకారం? మన దగ్గర స్థలాలు కాలువ గట్టునూ పంట బోదెనూ పట్టుకుని సాగినవి, మూలమట్టానికి అన్నీ లొంగవు. నాలుగు వైపులా టేపు పట్టినా ఆకారం తేలదు, మూల నుంచి ఎదుటి మూలకు కూడా కొలవాలి. 30×60 స్థలం మూలమట్టంగా ఉంటే ఆ కొలత రెండు వైపులా 67 అడుగుల ఒక అంగుళం రావాలి. ఒకవైపు 66, రెండోవైపు 68కి పైచిలుకు వచ్చిందంటే స్థలం ఒరిగి ఉందన్నమాట. స్క్రీన్ మీద మూలమట్టపు దీర్ఘచతురస్రంగా గీసి, తీరా ముగ్గు పోసే రోజున ఒక మూల పొరుగువారి ప్రహరీలోకి పోయిందని తెలుసుకోవడం ఖరీదైన పని.

చేత్తో గీసిన ప్లానును సాఫ్ట్‌వేర్లో వెనక బొమ్మగా పెట్టి దాని మీద గోడలు గీసుకోవచ్చు. అప్పుడు తెలిసిన పొడవు ఒకటి చూపి స్కేలు ఇవ్వమంటుంది. అందరూ గుమ్మం చూపిస్తారు. 3 అడుగుల గుమ్మం దగ్గర ఒక అంగుళం తేడా వస్తే 60 అడుగుల గోడ దగ్గరకు వచ్చేసరికి అది 20 అంగుళాలవుతుంది. ఉన్నవాటిలో అతి పొడవైన గీతనే స్కేలుకు పట్టుకోండి. కాగితాన్ని ఫోన్‌తో ఏటవాలుగా ఫొటో తీస్తే ఒక పక్క కుంచించుకుపోతుంది, స్కానరు మీద పెట్టడమే మేలు.

ఇక గోడల సంగతి. ఎక్కువ నష్టం ఇక్కడే. స్వీట్ హోమ్ త్రీడీ తెరవగానే గోడ మందం 7.5 సెంటీమీటర్లు, ఎత్తు 2.5 మీటర్లు అని పెట్టుకుని కూర్చుంటుంది. మనం కట్టేది బయట 9 అంగుళాలు, లోపలి అడ్డుగోడలు నాలుగున్నర, ఎత్తు 10 అడుగులు. గీత గీయకముందే ప్రిఫరెన్సెస్‌లోకి వెళ్లి యూనిట్‌ను అడుగులు అంగుళాలకు మార్చి, మందం, ఎత్తు సరిచేయాలి. గోడ గీస్తూ ఎంటర్ నొక్కితే పొడవు టైపు చేసే పెట్టె వస్తుంది, మౌసుతో గురిచూసే పని లేదు. అయితే ఆ పొడవు గోడ మధ్యగీత నుంచి మధ్యగీతకు. 10×12 గది అనుకుని 10, 12 అని కొడితే, చుట్టూ 9 అంగుళాల గోడలున్నప్పుడు లోపల మిగిలేది 9 అడుగుల 3 అంగుళాలు, 11 అడుగుల 3 అంగుళాలు. అంటే 120 చదరపు అడుగుల గది 104 అయింది. ఆరున్నర అడుగుల మంచం వేస్తే కాళ్ల దగ్గర 42 అంగుళాలు ఉండాల్సింది 33 అవుతుంది, బీరువా తలుపు తెరిస్తే మనిషి నిలబడే చోటుండదు. 10 అడుగులు లోపల కావాలంటే 10 అడుగుల 9 అంగుళాలు కొట్టాలి.

బాత్రూముల్లో ఇది మరీ బాధ. వెడల్పు 4 అడుగులని గీసినది, ఒకవైపు 9, ఒకవైపు నాలుగున్నర గోడ ఉంటే లోపల 3 అడుగుల 5 అంగుళాలకు వస్తుంది. ప్లాస్టరింగు, టైల్సు కలిసి పక్కకో అంగుళం తింటాయి. మిగిలేది 3 అడుగుల 3 అంగుళాలు.

వాస్తు చూపించుకునేవారికి మరో చిక్కు. సిద్ధాంతిగారు ఆయం కట్టి 30 అడుగులు అన్నారనుకోండి. అది బయటి కొలత అయితే సాఫ్ట్‌వేర్లో కొట్టాల్సింది 29 అడుగుల 3 అంగుళాలు, మేస్త్రి లోపల టేపు పడితే వచ్చేది 28 అడుగుల 6 అంగుళాలు. ఒకే గోడకు మూడు అంకెలు, మూడూ నిజమే. ఏ కొలత చెప్తున్నారో సిద్ధాంతిగారినే ముందు అడిగేస్తే ముగ్గు పోసేటప్పుడు తగాదా ఉండదు.

గోదావరి డెల్టాలో ఇల్లు గీసేవారు అస్సలు పట్టించుకోనిది ఎత్తు. సాఫ్ట్‌వేర్‌కు నేల అంటే బల్లలా చదునైనది, ఇల్లు దాని మీద నేరుగా కూర్చుంటుంది. ఇక్కడేమో రోడ్డు వేసినప్పుడల్లా ఎత్తు పెరుగుతుంది, వరిచేను మెరక చేసిన స్థలం రోడ్డుకు పల్లంలో ఉంటుంది. రోడ్డు నడిమి మట్టాన్ని సున్నా అనుకోండి. సున్నా దగ్గర బేస్‌మెంట్ పేరుతో ఒక లెవెల్ పెట్టి 36 అంగుళాల ఎత్తున చుట్టూ గోడలు గీయండి, ఇంటి నేలకు ఎలివేషన్ 36 అంగుళాలు ఇవ్వండి. కింది గోడలు గీయకపోతే బొమ్మలో ఇల్లు గాలిలో తేలుతుంది, చూసి కంగారు పడకండి.

ఇలా పెట్టిన క్షణాన వీధి మెట్లు బయటపడతాయి. 3 అడుగుల ఎత్తు ఎక్కడానికి 6 అంగుళాల ఎత్తువి ఆరు మెట్లు వేయాలి, అడుగు వెడల్పు పలకలు ఐదు, అంటే ఇంటి ముందు ఖాళీలో 5 అడుగులు మెట్లకే పోతాయి. బేస్‌మెంట్ 4 అడుగులైతే 7. బండి ఎక్కించే ర్యాంపు ఆరుకు ఒకటి వాలుతో వేసినా 3 అడుగులకు 18 అడుగుల పొడవు కావాలి. ముందు ఖాళీయే 10 అడుగులైనప్పుడు పోర్టికోను ఇంటితో సమానంగా లేపకుండా, రోడ్డు మీద అడుగో అడుగున్నరో ఎత్తులో ఆపి, అక్కడి నుంచి మెట్లు వేసుకోవడం తప్ప దారి లేదు. మీ పేజీలో వచ్చే బొమ్మల్లో కారు ఇంటి నేల మట్టానికే దర్జాగా నిలబడి ఉంటుంది. ఎక్కడి నుంచి ఎక్కిందో మాత్రం కనబడదు.

మెరక లెక్కా ఇక్కడే తేలుతుంది. లోపలి వైశాల్యం 900 చదరపు అడుగులు, 3 అడుగుల ఎత్తు అయితే 2,700 ఘనపుటడుగులు, అంటే నూరు ఘనపుటడుగుల యూనిట్ లెక్కన 27 యూనిట్ల మట్టి. స్థలం రోడ్డుకు 2 అడుగులు పల్లంలో ఉంటే అదే 45 యూనిట్లు. దిమ్మిస కొట్టాక అణిగేది దీనికి అదనం.

లంక గ్రామాల వారికి ఇంకొకటి. ధవళేశ్వరంలో మూడో ప్రమాద హెచ్చరిక 17.75 అడుగులన్నది బ్యారేజీ గేజీ లెక్క, మీ పెరటి లెక్క కాదు. 1986 వరదలోనో 2022 వరదలోనో ఊళ్లో గోడల మీద మిగిలిన నీటి గుర్తును మేస్త్రి నీళ్ల గొట్టంతో మీ స్థలానికి మోసుకొచ్చి, రోడ్డు మట్టం నుంచి ఎంతో రాసుకోండి. ఆ ఎత్తులో ఇంటినంతా కప్పేలా పల్చటి నీలం పలక ఒకటి మోడల్లో పెట్టండి. స్విచ్‌బోర్డులు, మోటారు, ఇన్వర్టరు, ఫ్రిజ్ ప్లగ్గు నీలానికి పైన ఉన్నాయో కింద ఉన్నాయో ఒక్క చూపులో తెలుస్తుంది. పునాది సంగతి ఏ గృహ డిజైన్ సాఫ్ట్‌వేరూ చెప్పదు. రేగడి నేల తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలిస్తుంది. ఆ పని మట్టి పరీక్షది, ఇంజినీరుది.

ఎండ విషయంలో మాత్రం సాఫ్ట్‌వేర్ మనిషి కంటే నయం. ప్లాన్ మీదుండే దిక్సూచిని రెండుసార్లు నొక్కి అక్షాంశం 16.5, రేఖాంశం 82, మన టైమ్‌జోన్ ఇవ్వాలి, ఉత్తరం మీ స్థలంలో నిజంగా ఎటుందో అటు తిప్పాలి. ఫోన్ దిక్సూచిని ఇనుప ఊచల కట్ట పక్కన పెట్టి చూస్తే అబద్ధం చెబుతుంది. భారత కాలమానానికి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖ కాకినాడ పక్క నుంచే పోతుంది కనుక, మన గడియారానికీ సూర్యుడికీ తేడా కొద్ది నిమిషాలే. అదొక సుఖం. సాఫ్ట్‌వేర్లో ఇంటి ఫొటో తీసే చోట నాణ్యతను పై రెండు మెట్లలో ఒకటిగా ఎంచుకుంటే తేదీ, వేళ పనిచేస్తాయి.

మే నెల మధ్యలో సాయంత్రం 4 గంటలకు పెట్టి పడమటి గోడ చూడండి. సూర్యుడు 33 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. 2 అడుగుల సజ్జ ఆ వేళకు కిటికీలో పై 16 అంగుళాలకే నీడనిస్తుంది, 4 అడుగుల కిటికీలో మిగతాదంతా ఎండే. పాత ఇళ్ల వసారా విలువ ఇక్కడ తెలుస్తుంది: 6 అడుగుల వసారా, చూరు 8 అడుగుల ఎత్తులో ఉంటే అదే వేళకు ఎండ గోడ మీద నేల నుంచి 4 అడుగుల వరకే పాకుతుంది. డిసెంబరు 21 మధ్యాహ్నానికి మార్చి మండువా కూడా చూడండి. అప్పుడు సూర్యుడు దక్షిణాన 50 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. చూరు 10 అడుగుల ఎత్తు, తెరిపి ఉత్తర దక్షిణాలుగా 10 అడుగులు అయితే, తెరిపికి సరిగ్గా కింద నేల మీద ఎండ పడేది ఉత్తరపు అంచున అడుగున్నర మేర. మండువాలో ఒడియాలు ఎండబెట్టుకోవాలనుకునేవారు తెరిపి పెంచుకోవాలి.

మేడమెట్లకు నేల నుంచి పై నేలకు పదిన్నర అడుగులైతే 7 అంగుళాల ఎత్తువి 18 రావాలి. తొమ్మిదేసి చొప్పున మధ్యలో మలుపు, 10 అంగుళాల పలకలు, 3 అడుగుల మలుపు తిన్నె కలిపి 9 అడుగుల 8 అంగుళాల పొడవు, ఆరున్నర వెడల్పు పట్టుకుపోతాయి. లైబ్రరీలో దొరికే మెట్లను లాగి చిన్న చోటులో ఇరికిస్తే సాఫ్ట్‌వేర్ కిక్కురుమనదు, మెట్టు 10 అంగుళాల ఎత్తుకు సాగినా సరే. సామానూ అంతే. అందులోని మంచాలు విదేశీ కొలతలవి. మన డబుల్ కాట్ 6×6.5 అని మార్చుకోవాలి, వీధి గుమ్మం మూడున్నర×7, పడకగదికి 3×7, బాత్రూముకు రెండున్నర×7.

గదిలో నడిచి చూసే బొమ్మకు కంటి ఎత్తు, చూపు వెడల్పు అని రెండుంటాయి. వెడల్పును 63 డిగ్రీలకు మించి పెంచితే పదడుగుల హాలు కల్యాణమండపంలా కనిపిస్తుంది. మీ పేజీలోని బొమ్మలు కొన్ని అలా తీసినవేనని మా అనుమానం.

పిల్లర్లు, దూలాలు కూడా చేత్తో పెట్టుకోవాల్సిందే. 9×12 పిల్లరు 9 అంగుళాల గోడలో దాక్కుంటుంది, నాలుగున్నర గోడ దగ్గర మాత్రం పొడుచుకొస్తుంది, సరిగ్గా అక్కడే కప్‌బోర్డు గీసి ఉంటారు.

చివరగా కాగితం. పేజీ సెటప్‌లో స్కేలు 1:100 ఇస్తే 30×60 ఇల్లు ఏ4 మీద పడుతుంది, 1:50కి ఏ3 కావాలి. ప్రింటరులో "ఫిట్ టు పేజ్" టిక్కు తీసేయండి, అది ఉంటే స్కేలు గల్లంతే. అచ్చయ్యాక 10 అడుగుల గోడ మీద స్కూలు స్కేలు పెట్టండి, 1:100లో 3.05 సెంటీమీటర్లు రావాలి. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే అంకెలు అలుక్కుపోతాయి, పీడీఎఫ్‌ను డాక్యుమెంటుగా పంపండి. మేస్త్రికిచ్చే ప్రతి కాగితం మీదా "కొలతలు లోపలివి, ప్లాస్టరింగుకు ముందు" అనో, కాదంటే అవి ఏ కొలతలో ఆ మాటో తెలుగులో రాయండి.

ఇట్లు,
ఇళ్ల ప్లాన్లు గీసే కొందరు,
అమలాపురం