రక్తం బ్యాగ్ పక్కన పెట్టారు, దాతకు ఎందుకు చెప్పలేదు?

తెలంగాణ వైద్య ఆరోగ్యశాఖ మంత్రి గారికి,

నమస్కారం. జగిత్యాల జిల్లాలో మా యువజన సంఘం తరఫున ఏటా రక్తదాన శిబిరాలు పెడుతుంటాం. ఇక్కడి నుంచి గల్ఫ్‌కు వెళ్లేవాళ్లు ఎందరో మీకు తెలుసు. అలా వెళ్లడానికి మెడికల్ చేయించుకున్న మా కుర్రాడొకడికి లివర్‌కు సోకే వైరస్ జబ్బు హెపటైటిస్-బి ఉందని తేలి అన్‌ఫిట్ రాశారు. ఏజెంటుకు కట్టిన డబ్బు పోయింది. అతను అంతకుముందు మా శిబిరాల్లో రెండుసార్లు రక్తం ఇచ్చినవాడే.

మేం వెళ్లి అడిగితే బ్లడ్ బ్యాంకులో రిజిస్టర్ తీసి చూపించారు. రెండు బ్యాగుల నంబర్ల ఎదురుగా ఎర్ర ఇంకుతో ‘రియాక్టివ్’ (పరీక్షలో జబ్బు జాడ కనిపించింది) అని, పక్కనే ‘డిస్కార్డ్’ (పారేయాలి) అని ఉంది. అదే వరుసలో అతని ఫోన్ నంబరు కూడా ఉంది. ఆ నంబరుకు ఎవరూ ఫోన్ చేయలేదు. పరీక్ష ఫలితం నాకు తెలియజేయండి అని ఫారంలో అతను టిక్ పెట్టే ఉన్నాడు.

సార్, నిబంధన ప్రకారం ప్రతి బ్యాగుకూ హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి, సిఫిలిస్, మలేరియా పరీక్షలు చేయాలి. అవి చేశారు, చెడు రక్తం ఎవరికీ ఎక్కలేదు. ల్యాబ్ సిబ్బందికి చేతులెత్తి మొక్కుతాను. కానీ హెపటైటిస్-బి ఏళ్ల తరబడి ఏ లక్షణమూ లేకుండా లివర్‌లో ఉండిపోతుంది. లివర్ గట్టిపడిపోయే సిర్రోసిస్ దాకా, క్యాన్సర్ దాకా వెళ్లాకే బయటపడేవాళ్లు ఎందరో. ఆ కుర్రాడికి పెళ్లయింది, చిన్న పాప ఉంది. మొదటి బ్యాగు రోజే చెప్పి ఉంటే అప్పుడే భార్యకు పరీక్ష చేయించి టీకా వేయించేవాళ్లం. అదృష్టం, ఆమెకు లేదు. మూడు డోసుల్లో మొదటిది ఇప్పుడు పడింది.

దేశంలో తొలి రీకాంబినెంట్ హెపటైటిస్-బి టీకాను 1997లో మన హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్నిక్స్ తెచ్చింది. పిల్లల టీకాల పట్టికలో అది దేశమంతటా చేరింది మాత్రం 2011లో. ఇవాళ రక్తం ఇచ్చే వయసున్న వాళ్లంతా అంతకుముందు పుట్టినవాళ్లే. వాళ్లలో చాలామందికి ఈ పరీక్ష జరిగే ఒకే ఒక్క చోటు రక్తదాన శిబిరం. ఉందని తేలినా చెప్పకపోతే ఆ మనిషి రేపు బంధువు ఆపరేషన్ అంటే మళ్లీ రక్తం ఇస్తాడు. అప్పుడు అందరి ప్రాణమూ ల్యాబ్‌లోని ఆ ఒక్క పరీక్ష కిట్టు మీదే ఆధారపడుతుంది.

ఆ కిట్టుకూ హద్దు ఉంది. వైరస్ సోకిన మొదటి కొన్ని వారాలు మామూలు పరీక్షకు దొరకదు. నేరుగా వైరస్ జన్యుపదార్థాన్నే వెతికే న్యాట్ పరీక్ష దాన్ని ఇంకా ముందే పట్టుకుంటుంది, కానీ మన దేశంలో అది తప్పనిసరి కాదు. రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించుకునే తలసేమియా పిల్లలకు ప్రతి బ్యాగూ ఒక కొత్త టెన్షనే. 2025లో ఝార్ఖండ్‌లోని చాయిబాసాలో తలసేమియా పిల్లలకు హెచ్‌ఐవీ వచ్చిందన్న వార్త చదివి మా దగ్గరి తల్లిదండ్రులు ఎంత భయపడ్డారో చెప్పలేను. కనీసం ఈ పిల్లలకు వెళ్లే రక్తానికైనా ప్రభుత్వం న్యాట్ చేయించాలి.

దాతకు చెప్పడానికైతే యంత్రం కూడా అక్కర్లేదు. ప్రతి బ్లడ్ బ్యాంకులో ఒక కౌన్సెలర్‌కు ఈ బాధ్యత అప్పగించండి. ఫోన్‌లో జబ్బు పేరు చెప్పకుండా పిలిపించి, గదిలో కూర్చోబెట్టి చెప్పాలి. కలిసి తింటే, చేయి కలిపితే ఇది అంటదని ఇంట్లోవాళ్లకూ వివరించాలి. 2018లో మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద పరీక్షలు, అవసరమైనవాళ్లకు మందులు ఉచితంగా ఉన్నాయి. హెచ్‌ఐవీ అనుమానం ఉన్న దాతను ఐసీటీసీకి (హెచ్‌ఐవీ కౌన్సెలింగ్, పరీక్షా కేంద్రానికి) పంపినట్టే, వీళ్లను ఈ హెపటైటిస్ కార్యక్రమం చికిత్సా కేంద్రానికి చీటీ రాసి పంపాలి. ఎంతమంది రియాక్టివ్ వచ్చారు, ఎంతమందికి చెప్పారు అన్నది నెలనెలా జిల్లా వైద్యాధికారి చూడాలి.

పాత రిజిస్టర్లలోని నంబర్లకు కూడా ఫోన్ చేయించండి. మా శిబిరాలకు వచ్చినవాళ్ల ఇళ్లు వెతికిపెట్టే పని మా సంఘం చేస్తుంది.

ఇట్లు,
రక్తదాన శిబిరాల నిర్వాహకుడు,
జగిత్యాల జిల్లా