పదహారేళ్ల ముఖానికి ధర కట్టేముందు: ఫిఫా అధ్యక్షుడికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఫిఫా అధ్యక్షులు జియానీ ఇన్ఫాంటినో గారికి,

నమస్కారం.

2024 జులై 9న యూరప్ దేశాల ఫుట్‌బాల్ కప్పు ‘యూరో’ సెమీఫైనల్లో ఫ్రాన్స్ మీద స్పెయిన్ కుర్రాడు లమీన్ యమాల్ కొట్టిన గోల్ మీరూ చూసే ఉంటారు. పెనాల్టీ బాక్స్ బయట నుంచి ఎడమకాలితో వంపు తిప్పాడు, బంతి పోస్టుకు లోపలివైపు తగిలి వలలో పడింది. అప్పటికి అతని వయసు 16 ఏళ్ల 362 రోజులు. ఆ టోర్నీ జరిగిన జర్మనీలో 18 నిండని వాళ్లతో రాత్రి 8 దాటాక పనిచేయించకూడదని చట్టం ఉంది. క్రీడాకారులకు 11 వరకు సడలింపు. ప్రపంచమంతా ఒక తారను చూస్తుంటే, ఆ చట్టానికి మాత్రం అతను పనికి వచ్చిన పిల్లవాడే. మీ సంస్థ కూడా అలాగే చూడాలని అడగడానికే ఈ ఉత్తరం.

పిల్లల విషయంలో ఫిఫా ఏమీ చేయలేదని నేననను. 18 నిండకుండా దేశం దాటించి క్లబ్ మార్చకూడదన్నారు, కొన్ని మినహాయింపులు పెట్టారు. ఆ నిబంధన తప్పినందుకు 2014లో బార్సిలోనా అంతటి క్లబ్బు మీదే కొనుగోళ్ల నిషేధం వేశారు. మైనర్‌తో ఆట ఒప్పందం మూడేళ్లకు మించకూడదన్నారు. మొదటి ప్రొఫెషనల్ ఒప్పందానికి తగిన వయసు రావడానికి ఆరు నెలల ముందు వరకు ఏజెంట్ ఆ పిల్లవాడి గడప తొక్కకూడదు, తొక్కినా పెద్దవాళ్ల రాతపూర్వక అనుమతి ఉండాలి. ఇవన్నీ మంచి నిబంధనలే.

అయితే ఇవన్నీ అతని కాళ్ల గురించి. ముఖం సంగతేమిటి? బూట్ల కంపెనీ, కూల్‌డ్రింక్ కంపెనీ, ఫోన్ కంపెనీ అదే పిల్లవాడితో రాయించుకునే ఒప్పందానికి మీ మూడేళ్ల గడువు వర్తించదు. వింతేమిటంటే, లెక్కలు కట్టడంలో మీ యంత్రాంగానికి సాటి లేదు. గడువు ఉండగానే ఒక ఆటగాణ్ణి ఇంకో క్లబ్ కొంటే, అతనికి 12వ ఏటి నుంచి 23వ ఏటి దాకా ఎవరెవరు శిక్షణ ఇచ్చారో తవ్వితీసి, బదిలీ సొమ్ములో 5 శాతం ఆ క్లబ్బులకు పంచుతారు. ఆ చెల్లింపులు చూసుకోవడానికి పారిస్‌లో క్లియరింగ్ హౌస్ అని ఒక సంస్థే పెట్టారు. పెంచిన క్లబ్బుకు పైసాతో సహా లెక్క ఉంది. పెరిగిన పిల్లవాడి బొమ్మ అమ్మగా వచ్చిన డబ్బు పెద్దయ్యేసరికి ఎంత మిగిలిందో చూసే నాథుడు లేడు.

ప్రతిభను ముందే పసిగట్టగలమన్న ధీమా మీద ఈ బేరాలన్నీ నడుస్తున్నాయి. ఆ ధీమా అంత గట్టిదేం కాదు. వయసు విభాగాలకు లెక్కలోకి తీసుకునే ఏడాదిలో తొలి నెలల్లో పుట్టిన పిల్లలే అకాడమీల్లో ఎక్కువగా కనిపిస్తారని పరిశోధకులు చాలాకాలంగా చెబుతున్నారు. పన్నెండేళ్ల వయసులో పది నెలల పెద్దరికం అంటే రెండు అంగుళాల ఎత్తు కావచ్చు, ఒక అడుగు వేగం కావచ్చు. దాన్నే మనం ప్రతిభ అనుకుంటాం. అసలైన ప్రతిభ ప్రకటనలో పట్టేది కాదు: బంతి అందకముందే రెండుసార్లు భుజం మీదుగా వెనక్కి చూడటం, పాస్ ఇచ్చాక నిలబడిపోకుండా ఖాళీలోకి జరగడం. ముప్పై సెకన్ల వీడియోలో డ్రిబ్లింగే, అంటే బంతిని కాళ్లతో ఆడిస్తూ ఎదుటివాణ్ణి దాటడమే, కనిపిస్తుంది కాబట్టి డ్రిబ్లింగ్‌కే ధర.

2004లో అమెరికాలో జరిగింది అదే. ఫ్రెడీ అడు 14 ఏళ్లకే డీసీ యునైటెడ్ క్లబ్ తరఫున అక్కడి ప్రధాన ఫుట్‌బాల్ లీగ్ మేజర్ లీగ్ సాకర్‌లో దిగాడు. అప్పటికే నైకీ ఒప్పందం ఉంది, పెలేతో కలిసి కూల్‌డ్రింక్ ప్రకటన చేశాడు. పూత మీదే తోటను గుత్తకిచ్చేసినట్టు. ఆ తర్వాత పోర్చుగల్, ఫ్రాన్స్, గ్రీస్, తుర్కియే, బ్రెజిల్, సెర్బియా, ఫిన్లాండ్ క్లబ్బులు తిరిగాడు. అమెరికా జట్టుకు ఆడినవి 17 మ్యాచ్‌లు. అతను చెడ్డ ఆటగాడని కాదు, 14 ఏళ్లకు అతని మీద వేసిన అంచనా ఎవరూ మోయలేనిది. నార్వే ఆటగాడు మార్టిన్ ఓడెగార్డ్ కూడా 16కే స్పెయిన్ క్లబ్ రియల్ మాడ్రిడ్‌కు వెళ్లాడు, కానీ లోన్ మీద, అంటే తాత్కాలికంగా, చిన్న క్లబ్బుల్లో ఏళ్ల తరబడి ఆడి, 23 ఏళ్లకు ఇంగ్లండ్ క్లబ్ ఆర్సెనల్ కెప్టెన్ అయ్యాడు. అతనికి దొరికింది ఆ వ్యవధే.

ఇక ప్రవర్తన. కోచ్ చూసేది బంతి పోగొట్టుకున్నాక వెనక్కి పరిగెత్తాడా, బయటికి పిలిస్తే బెంచీ మీద ఎలా కూర్చున్నాడు అని. జనం చూసేది జుట్టు రంగు, గోల్ తర్వాత చిందులు, రాత్రి పెట్టిన ఫొటో. స్పాన్సర్‌కు కావలసింది కూడా ఈ రెండోదే. ఆ దర్పాన్ని డబ్బిచ్చి కొని హోర్డింగులకెక్కిస్తాడు. నాలుగు మ్యాచ్‌లు గోల్ రాకపోతే అదే దర్పాన్ని చూపించి “పొగరు తలకెక్కింది” అని రాస్తాం. పొగరు పెంచి పోషించిన పెద్దమనుషుల పేర్లు ఆ వ్యాసాల్లో ఎక్కడా ఉండవు.

ఎదురుచెప్పడం కూడా పొగరు లెక్కలోకే వస్తుంది. 2022లో కిలియన్ ఎంబాపె ఫ్రాన్స్ జట్టు స్పాన్సర్ల ఫొటోషూట్‌కు రానన్నాడు. బెట్టింగ్, ఫాస్ట్‌ఫుడ్ కంపెనీలకు తన బొమ్మ వాడటం అతనికి ఇష్టం లేదు. చివరికి ఫ్రెంచ్ సమాఖ్యే ఒప్పందాన్ని సవరిస్తానంది. ప్రపంచకప్ గెలిచిన 23 ఏళ్లవాడు కాబట్టి చెల్లింది. 16 ఏళ్లవాడికి ఆ గొంతు ఎవరిస్తారు?

ప్రకటనలు మొత్తంగా నిషేధించమని నేనడగను. చాలా ఇళ్లలో ఆ మొదటి చెక్కే అప్పు తీరుస్తుంది. ఆట ఆడే వయసు చిన్నది, మోకాలు ఎప్పుడు మొరాయిస్తుందో తెలియదు, వచ్చిన డబ్బు వద్దనమనడం కడుపు నిండినవాళ్ల సలహా. కానీ ఆ డబ్బులో కొంత పిల్లవాడి పేరనే ఉండాలి. సినిమాల్లో నటించే పిల్లల కోసం కాలిఫోర్నియా 1939లోనే ఇందుకు చట్టం తెచ్చింది. ఇప్పుడక్కడ సంపాదనలో 15 శాతం విడిగా జమచేయాలి. ఫ్రాన్స్ 2020లో ఆన్‌లైన్ వీడియోల్లో కనిపించే పిల్లలకూ అలాంటి రక్షణే ఇచ్చింది. ఫుట్‌బాలర్‌కు ఎందుకు ఉండకూడదు?

కాబట్టి మైనర్ ఆటగాడి వాణిజ్య ఒప్పందాలన్నీ జాతీయ సమాఖ్యలో నమోదు కావాలి. గడువు మూడేళ్లు దాటకూడదు. 18 నిండిన రోజు నుంచి వాటిని తిరగరాసుకునే హక్కు అతనికి ఉండాలి, తల్లిదండ్రులు సంతకం పెట్టినా సరే. మ్యాచ్ ముందురోజు, పరీక్షల రోజుల్లో షూటింగ్ వద్దు. బెట్టింగ్, మద్యం కంపెనీలు అతని దరిదాపులకు రాకూడదు. ఈ నిబంధనలు ముందు మీ ఇంట్లోనే మొదలుపెట్టండి: 48 జట్లతో, 104 మ్యాచ్‌లతో పెంచిన మీ ప్రపంచకప్ పోస్టర్ల మీద, వీడియో గేముల మీద 18 నిండని ముఖం వాడినప్పుడల్లా అతనికి ఎంత ఇచ్చారో, ఎవరి చేతికి ఇచ్చారో మీ వార్షిక నివేదికలో ఒక పేజీ కేటాయించి ప్రచురించండి.

మీ జవాబు కోసం ఎదురుచూస్తూ,
ఒక ఫుట్‌బాల్ అభిమాని