ఏ కులీ? తాతా, మనవడా?

సంపాదకుడు గారికి నమస్కారం.

హైదరాబాదు స్థాపకుడి ప్రస్తావన వచ్చినప్పుడల్లా మన పత్రికల్లో, బోర్డుల మీద ‘కులీ కుతుబ్‌షా’ అని రాసి ఊరుకుంటున్నారు. కొన్నిచోట్ల అది ‘కూలీ’ కూడా అయిపోతోంది. కూలి మన తెలుగు మాట, చేసిన పనికి పుచ్చుకునే డబ్బు. ఈ కులీతో దానికి చుట్టరికం లేదు.

అసలు చిక్కు దీర్ఘంతో కాదు, సగం పేరుతో. గోల్కొండ రాజ్యాన్ని నిలబెట్టినవాడు సుల్తాన్ కులీ. 1591లో హైదరాబాదు నగరానికి పునాది వేసినవాడు మహమ్మద్ కులీ. మొదటాయన తాత, రెండో ఆయన మనవడు. మధ్యలో కొద్ది నెలలు గద్దె మీద కూర్చోబెట్టిన పసివాడు సుభాన్ కులీ, ఆ తర్వాత ముప్ఫై ఏళ్లు ఏలిన ఇబ్రహీం కూడా కులీయే. ఇందరు కులీలున్న ఇంటి ముందు నిలబడి ‘కులీ’ అని కేకేస్తే ఎవరు పలకాలి?

పైగా ఇది ఒంటరిగా నిలిచే పేరు కాదు. తుర్కీ భాషల్లో ‘కుల్’ అంటే దాసుడు, బానిస. చివరనున్న ‘ఈ’ ఫలానావారి దాసుడని చెప్పే ప్రత్యయం. మహమ్మద్ కులీ అంటే మహమ్మద్ ప్రవక్తకు దాసుడు, సుభాన్ కులీ అంటే దేవుడికి దాసుడు. అరబ్బీ పేరు అబ్దుల్లాలో దాసుడు ముందు, దేవుడు వెనక. తుర్కీలో మాత్రం మన రామదాసు వరసే. ఆ వంశపు చివరి సుల్తాను కాలంలో గోల్కొండ చెరలో మగ్గిన భద్రాద్రి భక్తుణ్ణి మనం ఉత్త ‘దాసు’ అని రాస్తున్నామా?

ఈ పేరు గోల్కొండకు దూరం నుంచే వచ్చింది. కుతుబ్‌షాహీలు కరాకొయున్లు, అంటే ‘నల్లగొర్రెల’ తుర్క్‌మెన్ వంశీకులు. సుల్తాన్ కులీ ఇరాన్‌లోని హమదాన్ ప్రాంతం నుంచి బహమనీ కొలువుకు వచ్చి కుతుబుల్ముల్క్ బిరుదు పొందాడు. ఆయన పేరులో సుల్తాన్ అన్నది బిరుదు కాదు, పేరులో భాగమే. ఇదీ చాలామంది పొరబడే చోటు.

1739లో ఢిల్లీని దోచిన నాదిర్‌షా కూడా ఒకప్పుడు తహ్మాస్ప్ కులీ ఖానే. ఇరాన్‌ను ఏలిన సఫవీ వంశపు రాజు తహ్మాస్ప్‌కు దాసుణ్ణని పేరు పెట్టుకుని, 1732లో ఆ రాజునే గద్దె దించాడు! 18వ శతాబ్దపు తుర్క్‌మెన్ మహాకవి మఖ్తుమ్‌గులీ పేరులోని ‘గులీ’ ఇదే మాట. 1906లో తిఫ్లిస్‌లో (నేటి జార్జియా రాజధాని తబిలిసి) వ్యంగ్య పత్రిక పెట్టిన అజర్‌బైజాన్ రచయిత జలీల్ మమ్మద్‌గులుజాదే ఇంటిపేరు విడదీస్తే ‘మహమ్మద్ కులీ కొడుకు’ అని వస్తుంది. మన నగర స్థాపకుడి పేరు అక్కడ అలా ఇంటిపేరులో బతికే ఉంది. మన దగ్గర పిల్లలకు ఈ పేరు పెట్టుకునేవాళ్లు అరుదు కాబట్టి బోర్డుల మీదైనా సరిగా ఉండాలి.

మాటను తెలుగు నాలుకకు తిప్పుకోవడం తప్పని నేననడం లేదు. పైన చెప్పిన ఇబ్రహీంను, అంటే మాలిక్ ఇబ్రహీంను, మన కవులు ‘మల్కిభరాముడు’ చేసుకున్నారు, అది ఎంతో అందంగా ఉంది. కానీ వాళ్లు పేరును మలుచుకున్నారే గాని మనలా తల తీసేసి మొండెం మిగల్చలేదు.

కొత్తగా పెట్టే బోర్డుల మీద, వచ్చే ముద్రణల పాఠ్యపుస్తకాల్లో ‘మహమ్మద్ కులీ కుతుబ్‌షా’ అని పూర్తిగా రాయాలని సంబంధిత అధికారులను కోరుతున్నాను. శీర్షికలో చోటు చాలకపోతే తీసేయాల్సింది ‘మహమ్మద్’ కాదు, ఆ వంశంలో అందరికీ ఉన్న ‘కుతుబ్‌షా’. ‘మహమ్మద్ కులీ’ అని రాసినా మనిషెవరో తెలుస్తుంది. ఈ పద్ధతిని ముందుగా మీ పత్రికే మొదలుపెడితే సంతోషం.

— విశ్రాంత చరిత్ర ఉపాధ్యాయుడు, మలక్‌పేట, హైదరాబాద్