“రెండు రోజులు, రెండు పార్కులు” యాత్రను ఎందుకు ఆపివేస్తున్నామో మీకు చెప్పాలి

మా ప్రయాణికులందరికీ నమస్కారం.

దసరా సెలవుల్లో మేము తెనాలి నుంచి హైదరాబాద్‌కు వేసిన యాత్ర సరిగా జరగలేదు. ఆ బస్సులో వచ్చిన తొమ్మిది కుటుంబాల వారికి అది తెలిసిన విషయమే; రాని వారికి కూడా ఈపాటికి ఏదో ఒక రూపంలో చేరే ఉంటుంది. పదకొండేళ్ళుగా కాశీకీ, రామేశ్వరానికీ, అరకుకూ మా మాట మీద బయలుదేరి వచ్చిన మీరు ఈ సంగతిని మరొకరి నోట వినడం కంటే నా నోట వినడం న్యాయం. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. మా కార్యాలయానికి పేరు తెచ్చిన “రెండు రోజులు, రెండు పార్కులు” యాత్రను ఇకమీదట వేయబోవడం లేదని కూడా ఇందులోనే తెలియజేస్తున్నాను.

ముందు బస్సు సంగతి. ముప్ఫై నలుగురికి సరిపోయే ఏసీ బస్సు కోసం నెల రోజుల ముందే అడ్వాన్సు ఇచ్చాం. బయలుదేరవలసిన రాత్రి తొమ్మిది గంటలకు బస్సు యజమాని ఫోను చేసి, ఆ బండి పెళ్ళివారితో వెళ్ళి ఇంకా తిరిగి రాలేదనీ, బదులుగా మరొకటి పంపుతున్నాననీ చెప్పారు. అది వచ్చేసరికి పన్నెండూ నలభై అయింది. ఏసీ లేదు, ఉన్నవి ఇరవై ఏడు సీట్లు. మిగిలిన ఏడుగురిని అప్పటికప్పుడు దొరికిన అద్దె కారులో ఎక్కించాం. తెల్లవారుజామున ఐదున్నరకు చేరి, లాడ్జిలో స్నానాలు చేసి, కాసేపు నడుం వాల్చి, తొమ్మిది గంటలకు రామోజీ ఫిల్మ్ సిటీ గేటు దగ్గర ఉండవలసిన వాళ్ళం తొమ్మిదిన్నర దాటాక ఇంకా దారిలోనే, చౌటుప్పల్‌లో ముఖాలు కడుక్కున్నాం. ఆ యజమానితో నాకు ఎనిమిదేళ్ళ పరిచయం. మర్నాడు ఫోను చేసి నిలదీస్తే, “సీజన్‌లో ఇవన్నీ మామూలేనండీ” అన్నారు. నా బస్సు కోసం తెనాలి వీధిలో పసిపిల్లలు పెట్టెల మీద తలలు పెట్టి నిద్రపోవడం నాకు మామూలు కాదు. ఆయన బండి ఇక ఉచితంగా ఇచ్చినా ఎక్కను. ఏసీ లేనందుకు ఒక్కొక్కరికి 800 రూపాయల చొప్పున ముప్ఫై నలుగురికీ తిరిగి ఇచ్చేశాను. మా అడ్వాన్సులో తిరిగి రావలసిన సొమ్ము ఆయన దగ్గరే ఉంది. వస్తే వస్తుంది, రాకపోతే మీ సొమ్ములో నుంచి మాత్రం తీయను. ఇకపై బస్సు నంబరును మీ రసీదు మీదనే రాసి ఇస్తాం. బయలుదేరే రోజు సాయంత్రం ఆరు గంటలకల్లా ఆ బస్సు మా కార్యాలయం ముందు నిలబడి ఉండకపోతే యాత్రను రద్దు చేసి, ఆ రాత్రికే డబ్బు తిరిగి ఇస్తాం.

అయితే బస్సు సమయానికి వచ్చి ఉన్నా ఆ యాత్ర బాగుండేది కాదు. ఈ మాట ఒప్పుకోవడానికి నాకు మూడు వారాలు పట్టింది.

మా కరపత్రం మీద “అన్ని వయసుల వారికీ ఆనందం” అని ఇన్నేళ్ళుగా అచ్చు వేస్తూ వచ్చాం. మొదటి రోజు రామోజీ ఫిల్మ్ సిటీ, రెండో రోజు రావిర్యాల దగ్గరి వండర్‌లా వినోద పార్కు. మన వైపు నుంచి వెళ్ళేవారికి దారి కూడా కలిసి వస్తుంది. జాతీయ రహదారి పక్కనే ఫిల్మ్ సిటీ, అక్కడి నుంచి పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ రింగు రోడ్డు ఎక్కితే రావిర్యాల. దారి కలిసింది కదా అని రెండింటినీ ఒకే తాడుతో కట్టేశాను. వాటి స్వభావం మాత్రం పూర్తిగా వేరు. 1996లో మొదలై 1,666 ఎకరాల్లో విస్తరించిన ఫిల్మ్ సిటీ ప్రధానంగా చూడవలసిన చోటు. ఎర్ర బస్సులో సెట్ల మధ్య తిరుగుతాం, దిగి నడుస్తాం, కూర్చుని ప్రదర్శనలు చూస్తాం, మళ్ళీ బస్సెక్కుతాం. 2016లో ప్రారంభమైన వండర్‌లా రైడ్లు ఎక్కవలసిన చోటు. ఒంట్లో ఓపిక ఉండి, మనసుకు ఇష్టమై, ఎత్తు సరిపోయిన వారికి అక్కడ సాయంత్రం దాకా సమయం చాలదు. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినా ఆ రోజు గడవడం కష్టం.

ఆ రోజు మా వెంట వచ్చిన ఒక కుటుంబంలో పదకొండేళ్ళ అన్న, ఆరేళ్ళ తమ్ముడు, తల్లిదండ్రులు, మామ్మగారు ఉన్నారు. ఆ మామ్మగారు మాతో కాశీకి వచ్చిన మనిషి. తమ్ముడు నెల రోజులుగా ఇంట్లో రోలర్ కోస్టర్ గురించే మాట్లాడుతున్నాడట. ఎత్తు కొలిచే పట్టీ దగ్గర వాడు మునివేళ్ళ మీద లేచి నిలబడ్డాడు. తల్లి వాడి జుట్టును వేళ్ళతో పైకి దువ్వింది. అయినా వాడి తల గీతకు చాలా కిందనే ఉంది. అక్కడి ఉద్యోగి వంగి, వాడి భుజం మీద చెయ్యి వేసి, మెత్తగానే కుదరదని చెప్పాడు. అతను చేసింది నూటికి నూరు పాళ్ళు సరైన పని. చిన్న శరీరాన్ని ఆ సీటులోని బిగింపు సరిగా పట్టి ఉంచలేదు కాబట్టే ఆ గీత గీశారు. అన్న లోపలికి వెళ్ళాడు. తమ్ముడు అన్న చెప్పులు రెండు చేతుల్లో పట్టుకుని రెయిలింగ్ పక్కన నిలబడ్డాడు. వాణ్ణి చూసుకోవడానికి తండ్రి ఆగిపోయారు. పెద్దవాణ్ణి ఒంటరిగా వదలలేక తల్లి వాడి వెంట తిరిగింది. మోకాళ్ళ నొప్పులున్న మామ్మగారు పదకొండు గంటల నుంచి ఐదు గంటల దాకా ఒకే బెంచీ మీద అందరి సంచులకూ కాపలా కూర్చున్నారు. చిన్నపిల్లలకు అక్కడ వేరుగా రైడ్లు ఉన్నాయి, అలల కొలను ఉంది, వాడు వాటిలో కొంతసేపు ఆడాడు కూడా. కానీ అన్న ఎక్కినది ఎక్కాలని వచ్చిన పిల్లవాడికి అవి సరిపోలేదు. తిరుగు ప్రయాణంలో నేను పలకరిస్తే మామ్మగారు, “నాకేం బాబూ, పిల్లలు ఆడుకున్నారుగా” అన్నారు. ఆవిడ నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

మూడో రోజు ఒక వాట్సాప్ గ్రూపులో, “కమీషన్ కోసం ముసలివాళ్ళనీ పసివాళ్ళనీ కూడా ఎక్కించేశారు” అని ఎవరో రాశారు. ఆ మాటకు నేను ఇక్కడే జవాబు చెబుతాను. గుంపు టికెట్లకు వచ్చే తగ్గింపును మేము మొదటి యాత్ర నుంచీ మీ బిల్లులోనే చూపిస్తున్నాం. ఒక్క రూపాయి దాచలేదు. నిర్లక్ష్యం చేశాను, నిజం, మోసం చేయలేదు. ఈ రెండింటికీ ఉన్న తేడాను నా పాత ప్రయాణికులు గుర్తిస్తారనే నమ్మకంతోనే రాస్తున్నాను. ఆ మామ్మగారికీ, తమ్ముడికీ, తండ్రికీ ఆ రోజు టికెట్ల సొమ్మును మరుసటి వారమే ఇంటికి వెళ్ళి ఇచ్చి వచ్చాను.

ఆ తరువాత ఏం చేయాలన్నది తేల్చుకోవడానికి చాలా రాత్రులు పట్టింది. దసరా బస్సులోని తొమ్మిది కుటుంబాల జాబితాను ముందు పెట్టుకుని నేనూ నా భార్యా ఒక్కొక్క పేరూ చదువుతూ లెక్క వేశాం. ఎవరికి రెండు రోజులూ నిజంగా సరిపోయాయి? మూడు కుటుంబాలకు. ఆరు కుటుంబాల్లో కనీసం ఒకరు ఏదో ఒక రోజంతా బెంచీ మీదనో, రెయిలింగ్ పక్కనో గడిపారు. మొదట నాకు తోచిన ఉపాయం ఏమిటంటే, రెండో రోజు పెద్ద పిల్లలను రావిర్యాలలో దించి, మిగిలిన వారిని అదే బస్సులో సాలార్‌జంగ్ మ్యూజియానికి తీసుకువెళ్ళడం. కాగితం మీద అది చక్కగా కుదిరింది, డబ్బు పరంగానూ నష్టం లేదు. నా భార్య ఒప్పుకోలేదు. “ఏడాదికి ఒక్కసారి అందరూ కలిసి వెళ్ళాలని డబ్బు కూడబెట్టుకున్న వాళ్ళను మనమే రెండు ముక్కలు చేసి చెరో చోటా దించుతామా?” అని అడిగింది. నేను వారం రోజులు వాదించాను. వండర్‌లాను పూర్తిగా వదిలేద్దామనీ అన్నాను. అదీ న్యాయం కాదు. కాలేజీ వయసు పిల్లలున్న ఇళ్ళకు దానిని మించిన రోజు నేను చూపించలేను. యాభై ఎనిమిదేళ్ళ దంపతులు ఒకరు మాతో వచ్చి ఒక్క రైడు కూడా వదలకుండా ఎక్కారు, వారికి ఏమని చెప్పను?

చివరికి యాత్రను రెండుగా విడదీశాం. ఒకటి, ఫిల్మ్ సిటీ ఒక రోజు, నెహ్రూ జూ పార్కు ఒక రోజు. ఇది పసిపిల్లలూ పెద్దవారూ ఉన్న ఇళ్ళకు. రెండోది, ఒక్క రోజు వండర్‌లా యాత్ర. దీనికి మాత్రం మేము అడిగి తెలుసుకున్నాకే బుకింగ్ తీసుకుంటాం, సరిపోదనిపిస్తే వద్దని చెబుతాం. సీట్లు సగం ఖాళీగా వెళ్ళినా సరే. మన ఊళ్ళోనే మరొకరు రెండు పార్కులనూ ఒక్క రోజులోనే చూపిస్తామని మాకంటే తక్కువ ధరకు మొదలుపెట్టారని నాకు తెలుసు. ఆ పోటీకి నేను దిగను.

మేము ఏం అడుగుతామో ముందే చెబుతాను, ఇంట్లో మీరే మాట్లాడుకోవచ్చు. మొదటిది పిల్లల ఎత్తు, వయసు కాదు. 85 సెంటీమీటర్ల లోపు పిల్లలకు వండర్‌లాలో టికెట్ అక్కర్లేదు. అక్కడి నుంచి 140 వరకు పిల్లల టికెట్, దాటితే పెద్దల టికెట్. మీ పిల్లలు కలలు కనే పెద్ద రైడ్లలో చాలావాటికి 140 ఉండాలి. మన పిల్లల్లో ఎక్కువమంది పదేళ్ళు దాటితే గానీ ఆ గీతను అందుకోరు. కాబట్టి మూడో తరగతి పిల్లవాడి కోసం ఆ యాత్ర తీసుకుంటున్నారంటే వాడికి ఏవి దొరుకుతాయో, ఏవి దొరకవో ఇంట్లోనే చెప్పి తీసుకురండి. గేటు దగ్గర తెలియడం వేరు, ఇంట్లో తెలియడం వేరు.

రెండోది ఇష్టం. దీనిని వయసును బట్టి ఊహించి నేను చాలాసార్లు పొరబడ్డాను. ఇరవై ఏళ్ళ కుర్రవాడు మొదటి రైడు దిగి, సాయంత్రం దాకా నిమ్మరసం తాగుతూ కూర్చోవడం చూశాను. అందుకని ఒక్కటే అడుగుతాను: కోటప్పకొండ తిరునాళ్ళలోనో, ఊరి ఎగ్జిబిషన్‌లోనో జెయింట్ వీల్ ఎక్కి దిగాక మీవాళ్ళు మళ్ళీ ఎక్కుతామన్నారా, లేక అమ్మ చెయ్యి పట్టుకుని పక్కకు వచ్చేశారా? రెండో రకం వాళ్ళను అన్నలూ బావలూ ఎగతాళి చేసి లాక్కుపోయే రోజు వాళ్ళకు పండుగ కాదు. గుండె జబ్బు, రక్తపోటు, నడుం నొప్పి ఉన్నవారూ, గర్భిణులూ పెద్ద రైడ్లు ఎక్కకూడదు. నీళ్ళలోకి నైలాను వంటి సింథటిక్ ఈత బట్టలతోనే దిగనిస్తారు. చీరతోనో నూలు బట్టలతోనో దిగడానికి వీల్లేదు. ఈ ఒక్క మాట ముందే చెప్పకపోవడం వల్ల ఎంతమంది అమ్మలు గట్టు మీదనే ఉండిపోయారో తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

ఫిల్మ్ సిటీ కూడా అందరికీ సరిపోతుందని చెప్పను. సినిమా అంటే ప్రాణం పెట్టే తాతగార్లు అక్కడ పిల్లలకంటే ఎక్కువ సంతోషపడతారు, కానీ బస్సు ఎక్కడం, దిగడం, ఎండలో నడక రోజంతా ఉంటాయి. మెట్లు ఎక్కలేని వారు ముందుగా చెబితే వారికోసం ఒక మనిషిని వెంట పంపుతాం. నాలుగేళ్ళ లోపు పిల్లలు మధ్యాహ్నం రెండింటికల్లా భుజం మీద నిద్రపోతారు. వారికి జూ పార్కు రోజే అసలైన రోజు. 1963 నుంచి ఉన్న ఆ 380 ఎకరాల తోటలో చెట్ల నీడ ఉంది, నడవలేని వారికి బ్యాటరీ బండ్లు ఉన్నాయి, పిల్లలకు చిన్న రైలు ఉంది. తాతా మనవడూ ఒకే ఏనుగును ఒకే రెయిలింగ్ పట్టుకుని చూస్తారు. సోమవారం సెలవు కాబట్టి మా యాత్రలన్నీ శని, ఆదివారాల్లోనే ఉంటాయి.

పదమూడేళ్ళ పిల్లా, నాలుగేళ్ళ పిల్లవాడూ, అరవై అయిదేళ్ళ నాయనమ్మా ఒకే ఇంట్లో ఉంటే ఏం చేయాలని మీరు అడుగుతారు. మన ఇళ్ళు చాలావరకు అలాంటివే. ఫిల్మ్ సిటీకి అందరూ కలిసి రండి. వండర్‌లాకు ఆ పెద్దపిల్లను మరో ఏడాది బాబాయి కుటుంబంతోనో, మేనత్త పిల్లలతోనో పంపండి. ఒకే బస్సులో అందరినీ ఎక్కించి రెండింటికీ డబ్బు తీసుకోవడం నాకు సులువే, కానీ ఆ పని ఇక చేయను.

సంక్రాంతి తిరుగు ప్రయాణాల రద్దీలో హైదరాబాద్ దారిలోని పంతంగి టోల్ దగ్గర గంటల తరబడి నిలబడవలసి వస్తుంది కనుక, మొదటి యాత్రను జనవరి చివరి శని, ఆదివారాల్లో పెట్టాం. ఫిల్మ్ సిటీ, జూ. ఆ మామ్మగారికి ముందు వరుసలో కాళ్ళు చాపుకునే సీటు ఇప్పటికే రాసి ఉంచాను. వస్తారో రారో ఇంకా చెప్పలేదు. వండర్‌లా యాత్ర పరీక్షలు అయిన తరువాతనే. మా కార్యాలయంలో తలుపు పక్క గోడ మీద 85 దగ్గర ఒకటి, 140 దగ్గర ఒకటి ఎర్ర రంగుతో గీతలు గీయించాను. బుకింగ్‌కు వచ్చేటప్పుడు పిల్లల్ని వెంట తీసుకురండి. చెప్పులు విప్పించి గోడకు ఆనించి నిలబెట్టాకే అడ్వాన్సు తీసుకుంటాను.