నూట ఒక్క మెట్లు

చిరంజీవి వాసుకు,

అమ్మ ఆశీస్సులు. ఇక్కడ అందరం కులాసా. మీ నాన్న మోకాలు ఇప్పుడు పరవాలేదు, మెట్లు ఎక్కవద్దంటే మాత్రం వినరు. బుజ్జి ఫోను చేసినప్పుడల్లా నీ గురించి అడుగుతున్నాడు. చెప్పడానికి నా దగ్గర ఏమీ లేక మాట మారుస్తున్నాను. నువ్వు ఫోను చేసి ఇరవై మూడు రోజులైంది. లెక్కపెట్టుకుంటూ కూర్చున్నానని అనుకోకు. లెక్కల టీచరును కదా, అంకెలు వాటంతటవే గుర్తుండిపోతాయి.

ఈ ఉత్తరం ప్రత్యేకించి ఏ పనిమీదా రాయడం లేదు. మొన్న శారదత్త ఏదో అంది, నువ్వు గిటారు అమ్మకానికి పెట్టావని ఎవరో చెప్పారట. శారదత్త మాటల్లో సగం తీసేసి వినాలని మనింట్లో అందరికీ తెలుసు కాబట్టి నేను పట్టించుకోలేదు. ఆ సంగతి అడగను కూడా. రాత్రిళ్లు ఎన్నింటికి పడుకుంటున్నావు?

నీ ఆల్బం మీద వచ్చిన సమీక్ష చూశాను. నువ్వు పంపలేదు, బుజ్జి పంపాడు. పదికి 4.1 వేశారు. ఆ అంకె వైపు చూస్తూ చాలాసేపు ఉండిపోయాను, కింద రాసింది చదవడానికి మరునాటి దాకా చేయి ఆడలేదు. నా దగ్గర పేపరు అందుకున్న పిల్లలూ ఇంతే. పక్కన ఎర్ర సిరాతో నేను రాసిన నాలుగు మాటలు వదిలేసి, మూలన ఉన్న మార్కు చూసుకుని మడిచి సంచిలో పెట్టేసుకునేవాళ్లు. అందుకు వాళ్లను ఎన్నిసార్లు కోప్పడ్డానో.

సరే, అసలు ఈ మార్కుల వ్యవహారం ఏమిటో తెలుసుకుందామని నాలుగు రోజులు చదివాను. 1996లో పిచ్‌ఫోర్క్ అనే అమెరికా ఇంటర్నెట్ సంగీత పత్రికను మొదలుపెట్టిన ర్యాన్ ష్రైబర్ అప్పటికి హైస్కూలు దాటిన కుర్రవాడట. మినియాపోలిస్ దగ్గర అమ్మానాన్నల ఇంట్లో ఉంటూ రాసేవాడు. లైటు ఆర్పి పడుకోమని ఆ తల్లి ఎన్ని రాత్రులు మొత్తుకుందో పాపం. అక్కడ 0.0 నుంచి 10.0 దాకా, దశాంశంతో సహా వేస్తారు. మొత్తం ఎన్ని మెట్లు? వంద అనకు. చిన్నప్పుడు కంచె స్తంభాల లెక్కలో కూడా నువ్వు ఇదే తప్పు చేసేవాడివి. సున్నానూ కలుపుకోవాలి, నూట ఒకటి. విలేజ్ వాయిస్ అనే న్యూయార్క్ వారపత్రికలో రాబర్ట్ క్రిస్ట్‌గౌ అనే విమర్శకుడు 1969 నుంచి అక్షరాలు వేశాడు, ఏ ప్లస్ నుంచి ఈ మైనస్ దాకా పదిహేను. నక్షత్రాలు వేసేవాళ్లు ఐదుతో సరిపెట్టుకుంటారు. ఈ నూట ఒక్క మెట్లే నాకు మింగుడు పడటం లేదు. ఒక్కటే జవాబుండే లెక్కల పేపరుకు కూడా నేను అర మార్కు దగ్గర ఆగి ఆలోచించేదాన్ని. 4.1కీ 4.2కీ మధ్య ఉన్న ఆ పదో వంతు నీ పాటల్లో ఎక్కడుందో వేలు పెట్టి చూపించమను, డ్రమ్ములోనా, గొంతులోనా!

మెటాక్రిటిక్ అని సమీక్షలన్నీ ఒకచోట చేర్చే సైటు మరొకటుంది. వాళ్లు అక్షరాలనూ నక్షత్రాలనూ నూటికి మార్చి సగటు తీస్తారు. అందులోనూ కొన్ని పత్రికలకు ఎక్కువ బరువిస్తారు, ఏ పత్రికకు ఎంత బరువో మాత్రం బయటపెట్టరు. జవాబు రాసి, చేసిన విధానం చూపించకపోతే నేను సగం మార్కులు కోసేదాన్ని.

రేడియోహెడ్ అనే ఇంగ్లండు బృందం వాళ్ల ‘కిడ్ ఎ’ 2000లో వస్తే పిచ్‌ఫోర్క్ 10.0 ఇచ్చింది. అదే ఆల్బానికి మెలొడీ మేకర్ అనే ఇంగ్లండు పత్రిక ఐదుకు ఒకటిన్నర ఇచ్చింది, అంటే పదికి మూడు. ఒకే పేపరు, ఇద్దరు పరీక్షకులు. మా స్కూల్లో ఇలా జరిగి ఉంటే హెడ్‌మాస్టరు ఇద్దరినీ గదిలోకి పిలిచేవారు. 1991లో నిర్వాణ అనే బృందం ‘నెవర్‌మైండ్’కు రోలింగ్ స్టోన్ పత్రిక మూడు నక్షత్రాలు వేసి ఊరుకుంది. 2020లో అదే పత్రిక ఐదు వందల గొప్ప ఆల్బాల జాబితాలో దాన్ని ఆరో స్థానంలో కూర్చోబెట్టింది. నాకు అన్నిటికంటే ఒళ్లు మండింది 2006 నాటి సంగతికి. జెట్ అనే ఆస్ట్రేలియా బృందం ఆల్బానికి పిచ్‌ఫోర్క్ వాళ్లు 0.0 వేసి, ఒక్క వాక్యం కూడా రాయకుండా ఒక చింపాంజీ చేసే అసహ్యమైన పని వీడియో పెట్టారు. పేపరు దిద్దేవాళ్లు చేయవలసిన పనేనా అది? ఎంత మొద్దు పిల్లవాడి పేపరైనా, తప్పు ఎక్కడ మొదలైందో అక్కడ గీత గీయకుండా నేను ఒక్క సున్నా కూడా వేయలేదు. నీకు రాసినాయన కనీసం కారణాలు చెప్పాడు. ఆ సంగతి తర్వాత రాస్తాను.

గిటారు గురించి అడగనన్నాను కదా, అడగను. కానీ ఒకవేళ డబ్బు ఇబ్బంది వల్ల అయితే నాన్నతో చెప్పు, నాతో చెప్పడం ఇష్టం లేకపోతే.

మొన్న బీరువా సర్దుతుంటే నీ క్యాసెట్టు బయటపడింది. నువ్వూ చిన్నీ మేడ గదిలో తలుపులు వేసుకుని, మీ నాన్న టేపు రికార్డరు మీద చేసినది. నువ్వు ఎనిమిదో తరగతి. అప్పుడు అర్ధ సంవత్సరం పరీక్షలు, నా ముందు నూట నలభై పేపర్ల కట్ట ఉంది, మర్నాటికి ఇచ్చేయాలి. నువ్వు వచ్చి టేపు రికార్డరు బల్ల మీద పెట్టి, ‘అమ్మా, ఒక్కసారి విను’ అన్నావు. వింటూనే దిద్దాను. దిద్దుతూనే విన్నానని చెప్పడం నిజం. రెండో పాట మధ్యలో టేపు సాగి చిన్నీ గొంతు రాక్షసుడి గొంతులా మారిపోతే మీరిద్దరూ ఒకరినొకరు తోసుకుంటూ నవ్వారు, నేను మాత్రం కూడికలో ఉన్నాను. టేపు అయిపోయింది. ‘ఎలా ఉంది’ అన్నావు. చేతిలో ఎర్ర పెన్ను ఉంది. ఆలోచించను కూడా లేదు, క్యాసెట్టు లోపలి అట్ట తీసి 6½ అని రాసి చుట్టూ సున్నా చుట్టాను. నవ్విద్దామనే చేశానని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. నువ్వు అట్ట చూసి, ‘ఆ అర ఎందుకమ్మా’ అన్నావు. నా దగ్గర జవాబు లేదు. ‘చేతిరాత బాగుంది’ అన్నాను. పాటల పేర్లు నువ్వు ఆకుపచ్చ సిరాతో అందంగా రాసుకున్నావులే. ఆ తర్వాత వేసవి సెలవుల దాకా మేడ గదిలోంచి చప్పుడు రాలేదు. చదువుకుంటున్నావని సంతోషపడ్డాను.

మొన్న ఆ అట్ట మీది ఎర్ర సిరా తడి గుడ్డతో తుడిచి చూశాను. నీ ఆకుపచ్చ అక్షరాలు అలుక్కుపోయాయి, నా ఎరుపు ఉన్నచోటే ఉంది. ఇంక తుడవలేదు.

లిజ్ ఫెయిర్ అని పాటలు పాడే ఒకావిడ ఉంది, నీకు తెలిసే ఉంటుంది. 2003లో తన పేరుతోనే తెచ్చిన ఆల్బానికి పిచ్‌ఫోర్క్ 0.0 ఇచ్చింది. రాసిన మనిషే 2019లో క్షమాపణ చెప్పుకున్నాడు. 2021లో పత్రిక ఆ సున్నాను 6.0గా మార్చింది. రీవాల్యుయేషన్‌కు పద్దెనిమిదేళ్లు! ట్రావిస్ మోరిసన్‌ది ఇంకో కథ. డిస్మెంబర్‌మెంట్ ప్లాన్ అనే బృందంలో ఉన్నంతకాలం ఆయనను ఆకాశానికెత్తిన పిచ్‌ఫోర్క్ వాళ్లే, 2004లో ఒంటరిగా తెచ్చిన ఆల్బానికి సున్నా వేశారు. దెబ్బ గట్టిగానే తగిలింది, కొంతకాలానికి సంగీతం మానేశాడు. కానీ పాత స్నేహితులంతా మళ్లీ కలిశారు, 2013లో ఆల్బం కూడా తెచ్చారు. ఈయన గిటారు అమ్ముకున్నాడో లేదో నేను చదివినవాటిలో ఎక్కడా లేదు.

ఇప్పుడు నీకు రాసినాయన సంగతి. ఉపన్యాసం ఇవ్వకూడదనే అనుకున్నాను. మీ సంగీతం నాకు పూర్తిగా అర్థమవుతుందని అబద్ధం చెప్పను, ఆ హోరులో నువ్వెక్కడున్నావో వెతుక్కోవలసి వస్తోంది. ఆయనా అదే అన్నాడు, గొంతు గిటార్ల కింద మునిగిపోయిందని. ఏడో పాట ముగియవలసిన చోట ముగియలేదన్నాడు. అదీ నిజమే వాసూ. ఐదు నిమిషాల దగ్గర అయిపోయిందనుకుని నేను లేచాను, ఇంకో మూడు నిమిషాలు ఉంది. జవాబు వచ్చాక కూడా లెక్క చేస్తూ పోతే ఎలా? అయితే మూడో పాట విషయంలో ఆయనకు ఏమీ తెలియదు. గిటార్లు ఆగిపోయి నీ ఊపిరి ఒక్కటే వినిపించే చోటును కృత్రిమంగా ఉందని రాశాడు. అది కృత్రిమం కాదు, నీ జలుబు. ఎడమ ముక్కు బిగుసుకుపోతే నీకు చిన్నప్పటినుంచీ అదే చప్పుడు వస్తుంది. అంత జలుబులో ఎందుకు రికార్డు చేశావు? ఆవిరి పట్టుకున్నావా? మీ నాన్న రోజూ పొద్దున ఆ పాట దగ్గరికే వచ్చి ఆపి, వెనక్కి తిప్పి మళ్లీ వింటున్నారు. ఎన్ని మార్కులు వేస్తారని నేను అడగలేదు.

చెవుల్లో పెట్టుకునే వాటి మోత తగ్గించు, ఇది నాలుగోసారి చెప్పడం. చిన్నీకి ఒకసారి ఫోను చెయ్యి, వాడు కూడా ఆల్బం విన్నాడట, నీకు చెప్పడానికి జంకుతున్నాడు. మాకు ఆదివారం చేసినా సరే, ఏ రాత్రి చేసినా సరే, మీ నాన్నకు ఇప్పుడు సరిగ్గా నిద్ర పట్టడం లేదు.

శారదత్త మాట నిజమే అయితే, గిటారు నీది, నీ ఇష్టం. దాని నల్ల సంచి మాత్రం ఎవరికీ ఇవ్వకు. ఆ జిప్పు నేను రెండుసార్లు కుట్టాను.

ఇట్లు
అమ్మ