మీ కెమెరా షట్టర్ మంచిదే, తప్పు నాది

ఉగాది నుంచి మొన్నటిదాకా నా దగ్గర ఒక్కొక్క బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్ రోల్ కడిగించుకున్నవాళ్లు మీ ఫొటోలు ఇంకోసారి చూసుకోండి. ఫ్రేము పొడవునా ఒక అంచు చీకటిగా ఉంటే అది నా నిర్వాకం. రెండేసి రోల్స్ ఇచ్చినవాళ్లకి ఏమీ కాలేదు.

మొదట అడిగింది వైట్‌ఫీల్డ్ నుంచి వచ్చే ఒకాయన. ఆకాశం పైభాగం మసిబారినట్టు ఉందన్నారు. నేను స్కాన్ మాత్రం చూసి, "షట్టర్ పట్టేస్తున్నట్టుందండీ" అనేశాను. ఆయన పాపం రిపేరుకి 1,800 పెట్టారు. తర్వాతి రోల్‌లోనూ అదే చార, ఈసారి నేల వైపు. షట్టర్ పాడైతే రోజుకోవైపు పాడవదు కదా! అప్పుడైనా అనుమానం రావాలి, రాలేదు. చివరికి కబ్బన్ పార్కులో వేరే కెమెరాతో నేను తీసిన రోల్‌లో కూడా కనిపించాక నెగెటివ్ తీసి లైట్ బాక్స్ మీద పెట్టాను.

స్కాన్‌లో ఫ్రేము వరకే వస్తుంది. ఫిల్మ్ అంచుల్లో రంధ్రాల పక్కనుండే ఫిల్మ్ పేరు, నంబర్లు రావు. అవి ఫ్యాక్టరీలోనే పడతాయి. మీ లెన్సుకీ షట్టర్‌కీ వాటితో పనిలేదు, కడిగినప్పుడు నల్లబడతాయి, అంతే. లూప్‌తో, అంటే చిన్న భూతద్దంతో, చూస్తే ఒక అంచున అక్షరాలు కాటుకలా ఉన్నాయి. రెండో అంచున పెన్సిల్‌తో రాసి చెరిపేసినట్టున్నాయి. అంటే ఆ వైపు డెవలపర్, ఫిల్మ్ మీద బొమ్మ తేల్చే మందు, సరిగ్గా తగల్లేదు. ఆడలేక మద్దెల ఓడన్నది నేనే.

నేను ఫిల్మ్ కడిగే ట్యాంకులో రెండు రీల్స్ (ఫిల్మ్ చుట్టే చక్రాలు) పడతాయి. ఒక్క రోలే ఉంటే అడుగున పెట్టి 300 మి.లీ. డీ-76 డెవలపర్ పోసేవాణ్ణి. రీల్ పైకి జారకుండా మధ్య గొట్టానికి చిన్న ప్లాస్టిక్ క్లిప్పు ఉంటుంది. మార్చిలో ఇల్లు మారినప్పుడు అది ఎక్కడో పోయింది. దాందేముందిలే అనుకున్నాను. ఇప్పుడు ఈ అంచు చూశాక అది గుర్తొచ్చింది. నమ్మకం కుదరక, పాడైన ఫిల్మ్ చుట్టి, మామూలు నీళ్లు పోసి, పదిసార్లు తలకిందులు చేసి మూత తీశాను. రీల్ రెండు వేళ్ల మందాన పైకెక్కి కూర్చుంది, పై అంచు నీళ్లకి బయటే ఉంది. ఫిల్మ్ ఏ అంచు పైకొచ్చేలా ఎక్కించానన్నదాన్ని బట్టి చార ఆకాశం మీదో నేల మీదో పడింది. రెండు రీల్స్ ఉంటే జారడానికి చోటుండదు.

కొందరు చెప్పిన తెల్లటి మరకలు వేరే సంగతి, ట్యాంకర్ నీళ్లు ఆరినప్పటి సున్నం. చివరి కడుగు ఇప్పుడు డిస్టిల్డ్ వాటర్‌తోనే. పాతవి తెస్తే మళ్లీ కడిగి ఇస్తాను, చాలావరకు పోతాయి.

చార మాత్రం పోదు. ఫిక్సర్‌లో, అంటే బొమ్మను నిలబెట్టే మందులో, పడ్డాక డెవలప్ కాని వెండి లవణం కరిగిపోయింది. మళ్లీ నల్లబరచడానికి అక్కడ ఏమీ మిగల్లేదు. కాస్తో కూస్తో బొమ్మ ఉన్నచోట స్కాన్‌లో చీకటి కాస్త తగ్గించగలను, గరుకుగా వస్తుంది. డబ్బులు వెనక్కిస్తున్నాను. ఆ రిపేరు ఖర్చు ఇచ్చేశాను. ఆయన వద్దన్నారు గానీ, ఊరుకోలేదు.

కొత్త క్లిప్పు వచ్చింది. అయినా ఒక్క రోల్ ఉన్నా పైన ఖాళీ రీల్ పెట్టి, ట్యాంకు నిండా 600 మి.లీ. పోస్తున్నాను. ఇకనుంచి ప్రతి రోల్‌కీ ఒక ముక్క అంచులతో సహా స్కాన్ చేసి పంపుతాను. రెండు వైపులా అక్షరాలు ఒకే గాఢతలో లేకపోతే ఫోన్ చేయండి.