భయపడాల్సింది మా అక్కను చూసి కాదు

సంపాదకుల వారికి,

మా అక్కకు థైరాయిడ్ క్యాన్సర్. ఆపరేషన్ అయ్యాక ఆస్పత్రిలో విడిగా ఒక గదిలో ఉంచి రేడియో అయోడిన్ మింగించారు, రేడియేషన్ వెదజల్లే మందు అది, అయోడిన్-131 అంటారు దాన్ని, మూడో రోజు ఇంటికి పంపేశారు. చేతిలో పెట్టిన జాగ్రత్తల కాగితం మొత్తం ఇంగ్లిష్‌లోనే. చిన్నపిల్లలకు, గర్భిణులకు కొన్నాళ్లు దూరంగా ఉండాలి, విడిగా పడుకోవాలి, నీళ్లు బాగా తాగాలి, బాత్రూంలో రెండుసార్లు ఫ్లష్ చేయాలి, అంతే. నేనే తెలుగులో రాసి ఫ్రిజ్‌కి అతికించాను. మూడేళ్ల కూతురు తలుపు బయట ఏడుస్తుంటే లోపల అక్క ఏడ్చేది, అయినా చెప్పినన్ని రోజులూ పాటించాం.

బాధ అది కాదు. 40 రోజుల తర్వాత బంధువుల గృహప్రవేశానికి వెళ్తే అక్కకు ఓ మూల విడిగా విస్తరి వేశారు. ఒంట్లో ఇంకా కరెంటు ఉంటుందటగా అంది మా పెద్దమ్మ, రేడియేషన్‌నే మావాళ్లు కరెంటు అంటారు. అయోడిన్-131 ఎనిమిది రోజులకు సగమైపోతుంది. 40 రోజులంటే ఐదుసార్లు సగం, 32వ వంతు, అదీ ఒంట్లోంచి బొత్తిగా బయటికి పోలేదనుకుంటే. నిజానికి చాలావరకు మొదటి రెండు మూడు రోజుల్లోనే మూత్రంలో పోతుంది. ఇక బయటి నుంచి మెషీన్‌తో కరెంటు పెట్టించుకున్నవాళ్ల ఒంట్లో అయితే ఏమీ మిగలదు, ఎక్స్‌రే తీయించుకున్నవాడి దగ్గర కూర్చోడానికి భయపడతామా?

ఇంకో వైపు చూడండి. మా ఆయనది పైపుల వెల్డింగ్ టెస్టింగ్ పని. వాళ్లు కెమెరా అనే బరువైన డబ్బాలో ఇరిడియం-192 అనే రేడియేషన్ వెదజల్లే ముక్క ఉంటుంది, చాలా చిన్నది. హ్యాండిల్ తిప్పి కేబుల్‌తో దాన్ని బయటికి పంపితే జాయింటుకు అవతల పెట్టిన ఫిల్మ్ మీద లోపలి పగుళ్లు, గాలి బుడగలు పడతాయి. జనం తిరగని రాత్రివేళ చుట్టూ తాడు కట్టి, ఎర్ర లైటు పెట్టి చేస్తారు. ఆ తాడు ఎత్తి "రెండు నిమిషాలే కదన్నా" అంటూ బైకు నెట్టుకుపోయేవాళ్లు ఉన్నారట! వాళ్లే మా అక్క పక్కన కూర్చోరేమో.

2010లో ఢిల్లీ మాయాపురిలో జరిగింది ఎంతమందికి గుర్తుంది? 1985 నుంచి వాడకుండా పడి ఉన్న, కోబాల్ట్-60 అనే రేడియేషన్ పదార్థం నింపిన యంత్రాన్ని ఢిల్లీ యూనివర్సిటీ పాత ఇనుము కింద వేలంలో అమ్మేసింది. సీసం కోసం మాయాపురిలోని పాత ఇనుము కొట్లో దాన్ని విప్పారు. లోపలి ముక్క ఒకటి ఓ వ్యాపారి పర్సులో పెట్టుకుని తిరిగాడు. ఒంట్లో పుళ్లు పడి జనం ఆస్పత్రుల పాలయ్యారు, ఒకరు చనిపోయారు. కోబాల్ట్ సగమవడానికి ఐదేళ్ల పైనే పడుతుంది మరి, పాతదైపోయిందిలే అనుకుంటే కుదరదు.

అందుకే రెండు అడుగుతున్నాను. అయోడిన్ ఇచ్చే ఆస్పత్రులు జాగ్రత్తల కాగితం తెలుగులో ఇవ్వాలి, ఏ తేదీ వరకు దూరంగా ఉండాలో, ఏ తేదీ నుంచి బిడ్డను ఎత్తుకోవచ్చో పెన్నుతో రాసి మరీ. రెండోది మీరే చేయాలి. పసుపు మీద ఫ్యాన్ రెక్కల్లా మూడు రెక్కలుండే ఆ రేడియేషన్ హెచ్చరిక గుర్తును ఒక్కసారి జిల్లా పేజీలో పెద్దగా, రంగుల్లో వేయండి. మా వీధి చివర పాత సామాన్ల కొట్టతనికి నేనే కత్తిరించి ఇస్తాను, గోడకు అతికించుకుంటానన్నాడు.

– ఒక పాఠకురాలు, ఏలూరు